ఎడారి ఇంటికి బయటికి పొడుచుకొచ్చే కిటికీ: బే, బౌ, బాక్స్, గార్డెన్‌లలో ఏది తీసుకోవాలి?

అమెరికాలో అరిజోనా ఎడారి నగరం ఫీనిక్స్ చుట్టుపక్కల చాండ్లర్, గిల్బర్ట్, పియోరియాల్లో ఇల్లు కొనే తెలుగువాళ్లలో చాలామంది తూర్పు ముఖం ఇల్లే చూస్తారు. గుమ్మం తూర్పుకి ఉంటే పెరటి గోడ పడమటికి వస్తుంది. హాలు, వంటగది సాధారణంగా ఆ పక్కనే ఉంటాయి. పెరడు చూస్తూ కూర్చోవడానికి బే విండో పెట్టిద్దామన్న ఆలోచన పుట్టేదీ ఆ గోడ దగ్గరే. ఈ ఊళ్లో అంతకంటే కష్టమైన గోడ ఇంకోటి లేదు. 2023లో ఇక్కడ వరసగా 31 రోజులు 110 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే 43 సెల్సియస్‌కు, తగ్గలేదు. అలాంటి సాయంత్రం 40 చదరపు అడుగుల పడమటి గాజు మీద పడే ఎండ రెండున్నర కిలోవాట్ల దాకా ఉంటుంది. మామూలు జంట గాజయితే అందులో 70 శాతం లోపలికి వస్తుంది. అర టన్ను ఏసీ ఆ ఒక్క కిటికీకే సరిపోతుంది.

ఎడారికి ముందుకొచ్చిన కిటికీ కొత్త కాదు. జైసల్మేర్ ఝరోఖాలు, 1799లో కట్టిన జైపూర్ హవా మహల్ ముఖం, కైరోలోని మష్రబియాలు అన్నీ గోడ దాటి వచ్చినవే. అయితే వాటిలో ముఖ్యంగా ఉన్నది గాజు కాదు, రాతి జాలీయో చెక్క జాలీయో. పైన సజ్జా ఉంది. కైరోలో ఆ చెక్క జాలీ వెనక నీళ్ల కుండలు పెట్టేవారు, గాలి కుండను తాకి చల్లబడేది. అక్కడ గోడ దాటి వచ్చింది నీడ. ఇప్పుడు షోరూముల్లో అమ్మే బే విండోలు చలి దేశాల్లో వెలుతురు పట్టుకోవడానికి పుట్టినవి, వాటిలో గోడ దాటి వచ్చేది గాజు. ఏ రకం ఎంచుకోవాలన్న ప్రశ్నకు జవాబంతా ఈ తేడాలోనే ఉంది.

నాలుగు రకాలు, ఒకే గోడ మీద

8 అడుగుల వెడల్పు, 5 అడుగుల ఎత్తు ఉన్న ఒకే కంతను లెక్కకు తీసుకుందాం. చదునైన కిటికీ పెడితే 40 చదరపు అడుగులు.

బే విండోలో మూడు పలకలుంటాయి. మధ్యది గోడకు సమాంతరంగా, పక్కవి 30 లేదా 45 డిగ్రీల వాలుతో ఉంటాయి. 45 డిగ్రీలతో 18 అంగుళాలు ముందుకొస్తే ముందు పలక 60 అంగుళాలు, పక్కవి ఒక్కోటి ఇరవై అయిదున్నర అంగుళాలు వస్తాయి. గాజు దాదాపు 16 శాతం పెరుగుతుంది. 30 డిగ్రీలతో 12 అంగుళాలే ముందుకొస్తే 7 శాతమే పెరుగుతుంది.

బౌ విండోలో నాలుగు నుంచి ఆరు సన్నని పలకలు విల్లులా వంగి ఉంటాయి. చూడముచ్చటగా ఉంటుంది, ఖర్చు అన్నిటికంటే ఎక్కువ. ఎడారిలో దీన్ని సిఫారసు చేయలేం. పలకలు కలిసే నిలువు అతుకులు మూడు నుంచి అయిదు వరకు ఉంటాయి. ఎండకు ఫ్రేము సాగి ముడుచుకునేటప్పుడు ముందు తెరుచుకునేవి ఆ అతుకులే. పైగా ఒక్కో పలక ఒక్కో దిక్కు చూస్తుంది కాబట్టి చదునైన కిటికీ కంటే ఎక్కువ సేపు ఏదో ఒకదాని మీద ఎండ ఉంటుంది.

బాక్స్ విండోలో పక్కలు గోడకు లంబంగా, 90 డిగ్రీలతో వస్తాయి. మూడు పక్కలా గాజు పెడితే 37 శాతం పెరుగుతుంది, అంటే లెక్కలో ఇదే ఎక్కువ ఎండ తెచ్చేది. కానీ దీని పక్కలను మామూలు గోడలాగే స్టడ్ (గోడ లోపలి నిలువు చెక్క), ఇన్సులేషన్, స్టక్కో (బయటి సిమెంటు పూత)తో మూసేయొచ్చు. అలా మూస్తే గాజు మళ్లీ 40 చదరపు అడుగులే. కూర్చోవడానికి 18 అంగుళాల లోతు అదనంగా దక్కుతుంది. ఆ పక్క గోడలే నిలువు నీడగా పనిచేయాలంటే వాటిని గాజు కంటే ఇంకో 6 నుంచి 8 అంగుళాలు ముందుకు లాగి, పైకప్పును కూడా అంతే బయటికి తేవాలి. అప్పుడది ఝరోఖాకు దగ్గరవుతుంది. ఇక్కడి ఇళ్లకు మా మొదటి ఎంపిక ఇదే.

గార్డెన్ విండో వంటగది సింకు పైన పెట్టే చిన్న గాజు పెట్టె. పక్కలతోపాటు పైకప్పూ గాజే. తులసి, కరివేపాకు కుండీలు పెట్టుకోవచ్చని మనవాళ్లకు దీని మీద మోజు ఎక్కువ. జూన్ మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు, పై గాజు మీద చదరపు మీటరుకు సుమారు 1000 వాట్లు పడతాయి. నాలుగడుగుల వెడల్పు, అడుగున్నర లోతు ఉన్న పై పలక ఒక్కటే 560 వాట్లు అందుకుంటుంది. కుండీ మట్టి ఉడుకుతుంది, లేత ఆకుల అంచులు మాడతాయి. డిసెంబరు, జనవరిలో మాత్రం మంచు పడే రాత్రుల నుంచి కరివేపాకును కాపాడటానికి ఇది బాగుంటుంది. ఆ రెండు నెలల కోసం ఎనిమిది నెలలు వేడి భరించాలి. అంతగా కావాలంటే పై పలక గాజు కాకుండా ఇన్సులేషన్ ఉన్న గట్టి మూత వచ్చేది అడిగి తెచ్చుకోండి. ఉత్తరం వైపయినా అలాగే చేయండి, చూరు నీడ అందకపోతే నడినెత్తి ఎండకు దిక్కు పట్టింపు లేదు.

దిక్కును బట్టి

పడమర, వాయవ్యం వద్దు. తప్పనిసరైతే బాక్స్ పెట్టి, గాజుకు కొన్ని అంగుళాలు ఎడంగా 80 నుంచి 90 శాతం ఎండ ఆపే సోలార్ స్క్రీన్‌గానీ, బయట దించే రోలర్ షేడ్‌గానీ కిటికీతోపాటే బిగించండి. లోపలి కర్టెన్ చాలదు. ఎండ గాజు దాటి లోపలికి వచ్చాక వేడిలో చాలా భాగం గదిలోనే ఉండిపోతుంది. సాయంత్రపు ఎండ నేలకు వాలి వస్తుంది కాబట్టి పై సజ్జా ఎంత పొడుగున్నా పడమటి వైపు ఉపయోగం కొంచెమే.

దక్షిణం అందరూ భయపడేంత చెడ్డది కాదు. ఫీనిక్స్‌లో జూన్ నడిమధ్యాహ్నం సూర్యుడు 80 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. ఒక అడుగు చూరు దాదాపు ఐదున్నర అడుగుల కిందకు నీడ ఇస్తుంది. ఇబ్బంది సెప్టెంబరులో. అప్పటికి సూర్యుడు 56 డిగ్రీలకు దిగిపోతాడు, పగటి వేడి మాత్రం ఇంకా 38 సెల్సియస్ దగ్గరే ఉంటుంది. 24 అంగుళాల చూరు అప్పుడు 36 అంగుళాల నీడే ఇస్తుంది.

చాలామంది లెక్కలో తప్పేది ఇక్కడే. చూరు 24 అంగుళాలుంటే, కిటికీ 18 అంగుళాలు ముందుకొస్తే, గాజుకు మిగిలే చూరు 6 అంగుళాలు. సెప్టెంబరులో దాని నీడ 9 అంగుళాలు దాటదు. అప్పటిదాకా నీడలో ఉన్న గాజును మనమే తీసుకెళ్లి ఎండలో నిలబెడుతున్నాం. అందుకే దక్షిణం వైపు కిటికీకి సొంత కప్పు ఉండాలి, అది ముందు గాజు దాటి కనీసం 18 అంగుళాలు రావాలి. కేటలాగులో వచ్చే కప్పు సాధారణంగా గాజు అంచుతోనే ఆగిపోతుంది, కాబట్టి దీన్ని ముందే అడిగి చేయించుకోవాలి.

ఉత్తరం అన్నిటికంటే మంచిది, కానీ పూర్తిగా నీడ అనుకోవద్దు. జూన్‌లో మధ్యాహ్నం నాలుగు కావస్తుండగా సూర్యుడు నేరు పడమర దాటి ఉత్తరానికి జరుగుతాడు, ఏడున్నర దాటాక అస్తమిస్తాడు. ఉత్తరపు గోడకు పెట్టిన 45 డిగ్రీల బేలో, లోపలి నుంచి చూస్తే, ఎడమ పలక వాయవ్యం చూస్తుంది, అంటే ఆ ఎండంతా దానికే. ఇక్కడ 30 డిగ్రీల బే పెట్టుకోండి, లేదా పడమటి పక్క మూసిన బాక్స్ పెట్టుకోండి. తూర్పు ఎండ పొద్దుటిది, గాలి ఇంకా చల్లగా ఉండగానే వస్తుంది. పది, పదకొండు గంటల దాకా స్క్రీన్ దించుకుంటే సరిపోతుంది.

కూర్చునే చోటే అసలు కోరికైతే ఇంకో దారి ఉంది. గోడలో చదునైన కిటికీనే ఉంచి, లోపలి వైపు దాని రెండు పక్కలా 18 అంగుళాల లోతు అల్మారాలు కట్టించి, మధ్యలో సీటు పెట్టించుకోండి. గది కొంచెం తగ్గుతుంది. స్టక్కో తెగదు, చూరు నీడ పోదు, నీరు కారే అతుకు ఒక్కటీ పెరగదు. పడమటి గోడకు ఇదే మేలు.

గాజు, ఫ్రేము

ఐఈసీసీ (భవనాల్లో శక్తి ఆదాకు అమెరికాలో వాడే) నియమావళి 2018 కూర్పులో ఈ వాతావరణ మండలానికి, అంటే రెండో మండలానికి, కిటికీ యు-ఫ్యాక్టర్ (వేడి ఎంత సులువుగా దాటుతుందో చెప్పే అంకె) 0.40 మించకూడదు, ఎస్‌హెచ్‌జీసీ 0.25 మించకూడదు. రెండో అంకె ఎండలో ఎంత వంతు లోపలికి వస్తుందో చెబుతుంది. ఇక్కడ ముందు చూడాల్సింది అదే. మూడు వెండి పొరలతో వేడిని తిప్పికొట్టే లో-ఇ పూత ఉన్న జంట గాజుతో, ఫ్రేముతో కలిపి 0.20 నుంచి 0.23 దొరుకుతుంది. అంకె అడిగినప్పుడు అమ్మకందారు గాజు నడిమి భాగం విలువ చెప్పొచ్చు. మీరు చూడాల్సింది కిటికీలకు రేటింగు ఇచ్చే ఎన్‌ఎఫ్‌ఆర్‌సీ సంస్థ లేబుల్ మీద మొత్తం కిటికీకి రాసిన విలువ. పక్క పలకల లేబుళ్లు విడిగా చూడండి.

గాజు మీద లోపల నల్ల ఫిల్మ్ అతికించే పని పెట్టుకోవద్దు. లో-ఇ జంట గాజు మీద ఫిల్మ్ వేడిని పట్టి ఉంచుతుంది, అంచుల సీలు ముందే చెడుతుంది, గాజు పగలొచ్చు, వారంటీ కూడా పోవచ్చు. సగం నీడ, సగం ఎండ పడే పక్క పలకలు కూడా వేడి సమానంగా లేక పగలొచ్చు. వాటికి టెంపర్డ్ (వేడిచేసి గట్టిపరచిన) గాజు తీసుకోవడం మంచిది. కూర్చునే చోటు కదా, భద్రత కోసమూ అదే సరి. నియమం ప్రకారం పలక 9 చదరపు అడుగులు మించి, కింది అంచు నేలకు 18 అంగుళాల లోపు ఉండి, పై అంచు 36 అంగుళాలు దాటి, 36 అంగుళాల లోపల మనుషులు నడిచే చోటుంటే టెంపర్డ్ తప్పనిసరి. ఇంకో సంగతి: లో-ఇ గాజు నుంచి తిరిగి కొట్టే ఎండ ఒక చోట కూడుకుంటే పక్కింటి కృత్రిమ గడ్డి కరిగిపోవచ్చు. బేలో పలకలు మూడు దిక్కులకు తిరిగి ఉంటాయి కాబట్టి ఎటు కొడుతుందో చూసుకోవాలి. బయటి స్క్రీన్ ఉంటే ఈ బాధ తప్పుతుంది.

ఫ్రేముకు ఫైబర్‌గ్లాస్ తీసుకోండి. 8 అడుగుల వినైల్ (పీవీసీ ప్లాస్టిక్) కడ్డీ 50 డిగ్రీల సెల్సియస్ తేడాకు సుమారు 8 మిల్లీమీటర్లు సాగుతుంది, అల్యూమినియం దాదాపు 3, ఫైబర్‌గ్లాస్ ఒకటి అటూ ఇటూగా. గాజు సాగేదీ దాదాపు అంతే. అందుకే గాజూ ఫ్రేమూ కలిసి కదులుతాయి, మూల అతుకులు నిలుస్తాయి. చదునైన చిన్న కిటికీకి తెల్ల వినైల్ చాలు, బేకి చాలదు. ముదురు రంగు వినైల్‌ను ఎండ గోడకు అసలు పెట్టొద్దు, వంగిపోతుంది. థర్మల్ బ్రేక్ (మధ్యలో వేడిని ఆపే పొర) లేని అల్యూమినియం యు-ఫ్యాక్టర్ పరీక్షలోనే తప్పుతుంది.

తెరుచుకునే పలకలకు జరిపే రకం కంటే కీళ్ల మీద తెరుచుకునే కేస్‌మెంట్ మేలు. గడియ వేయగానే రెక్క రబ్బరు మీద గట్టిగా నొక్కుకుంటుంది. జులై, ఆగస్టుల్లో దుమ్ము తుఫాను వచ్చినప్పుడు జరిపే కిటికీ పట్టాల్లో మట్టి పేరుకుని, నీళ్లు బయటికి పోయే సన్న రంధ్రాలు మూసుకుంటాయి. వెనకాలే వచ్చే వానకు ఆ నీళ్లు లోపలికి పొర్లుతాయి. ఏడాదికి 7 అంగుళాల వాన పడే ఊళ్లో కిటికీ కారడానికి చాలాసార్లు కారణం ఇదే.

బిగింపు

ఇక్కడి ఇళ్లలో ఎక్కువ భాగం నేల మీద పోసిన కాంక్రీటు స్లాబు మీద కట్టినవి. నేలను మోసే చెక్క జాయిస్టులు (దూలాలు) లేవు కాబట్టి వాటిని బయటికి పొడిగించి బేను మోయించడం కుదరదు. స్లాబులో బిగించిన ఉక్కు తీగలుండొచ్చు, గ్యారేజీలో ఆ సంగతి తెలిపే ముద్ర సాధారణంగా ఉంటుంది. అలాంటి స్లాబును రంధ్రం చేయడం, కోయడం ప్రమాదం. నడిచి లోపలికి వెళ్లేంత బే కావాలంటే దానికి సొంత పునాది, ఇంజనీరు డ్రాయింగు ఉండాలి. సీటు ఎత్తులో మొదలయ్యే బే, బాక్స్ రకాలకు రెండు ఆధారాలున్నాయి: పైనుంచి ఉక్కు కేబుళ్లు, కింద బ్రాకెట్లు.

బరువు తక్కువ అంచనా వేయొద్దు. 3 మిల్లీమీటర్ల గాజులు రెండు కలిస్తేనే చదరపు మీటరుకు 15 కిలోలు, 4 మిల్లీమీటర్లయితే 20. దానికి ఫ్రేము, సీటు పలక, కప్పు, మీద కూర్చునే మనుషులు తోడవుతారు. కేబుళ్లను హెడర్‌కో (కంత పైన ఉండే అడ్డ దూలం) స్టడ్‌లకో పట్టించాలి. పైకప్పును మోసే ట్రస్సు కింది కడ్డీకి తగిలిస్తే, ఆ కడ్డీకి లెక్కగట్టిన బరువు దాటిపోతుంది. బ్రాకెట్లు పలకలు కలిసే ప్రతి అతుకు కిందా ఉండాలి. స్టక్కో వెనక సాధారణంగా అంగుళం మందం నురుగు పలక ఉంటుంది. బ్రాకెట్‌ను దాని మీదే బిగిస్తే నురుగు నలిగి కిటికీ కిందకు వాలుతుంది. బ్రాకెట్ వెనక నురుగు తీసేసి గట్టి చెక్క దిమ్మ పెట్టి, స్క్రూ స్టడ్‌లోకి కనీసం రెండున్నర అంగుళాలు దిగేలా బిగించాలి.

పని నవంబరు నుంచి మార్చి లోపల పెట్టుకోండి. వేసవిలో ఎండ గోడ చేయి పెట్టలేనంత కాలుతుంది, సీలెంట్ డబ్బా మీద రాసిన ఉష్ణోగ్రత హద్దు దాటిపోతుంది.

స్టక్కోను కంత చుట్టూ కనీసం 4 అంగుళాలు వెనక్కి కోసి, లోపలి బిల్డింగ్ పేపర్ చిరగకుండా బయటికి తీయాలి. పాత స్టక్కో అంచుకు కొత్త ఫ్రేమును ఆనించి సీలెంట్ పూసి వదిలేస్తామనే కాంట్రాక్టరుకు బే విండో పని ఇవ్వొద్దు. కంత కింది అంచు బయటికి వాలేలా చేసి, వెనక అంచు లేచి ఉన్న సిల్ ప్యాన్ (నీటిని బయటికి మళ్లించే పళ్లెం) వేయాలి. నీరు ఆపే టేపు ముందు కింద, తర్వాత పక్కలు, చివర పైన. పైన పేపర్ టేపు మీదకు రావాలి, అప్పుడే నీరు ఒకదాని మీంచి ఒకటి జారుతుంది. తారు రకం టేపు ఈ వేడికి మెత్తబడి జారిపోతుంది, బ్యూటైల్ టేపే వాడండి. అతికించే ముందు దుమ్ము తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వాలి. ఇక్కడ టేపు ఊడేది జిగురు లోపం కంటే దుమ్ము వల్లే ఎక్కువ.

కిటికీని ఎత్తి నిలిపాక సీటు పలక మట్టం, నిలువు తూకం, ముందు పలక మూల నుంచి మూలకు రెండు కొలతలు సరిచూడాలి. కేబుల్ నట్టు బిగించి ముందు అంచును 3 మిల్లీమీటర్లు పైకి లేపి వదిలితే, బరువు పడ్డాక మట్టానికి వస్తుంది. రెక్క చుట్టూ సందు అన్ని వైపులా సమానంగా ఉంటే సరిగా కూర్చున్నట్టు. ఆరు నెలలకు గడియ బిగుసుకుంటే, పై సందు ఒక పక్క పెరిగితే కిటికీ వాలుతోందన్నమాట. రెక్కను రంద పట్టకండి, కేబుల్ బిగించండి.

సందుల్లో తక్కువ పొంగే నురుగు నింపాలి. అది గాలిలో తేమతో గట్టిపడుతుంది. మే నెల పొడిగాలిలో లోపల పచ్చిగానే ఉండి తర్వాత కుంగిపోతుంది, కాబట్టి నింపే ముందు సందులో కొంచెం నీళ్లు చిలకరించాలి. బయటి అతుకులో వెనక నురుగు తాడు పెట్టి, వెడల్పులో సగం లోతు ఉండేలా సిలికాన్ వేయాలి. స్టక్కో రంధ్రాలతో ఉంటుంది కాబట్టి కంపెనీ చెప్పిన ప్రైమరు ముందు పూయాలి. యాక్రిలిక్ కాకింగ్ ఈ ఎండకు ఎండిపోయి చీలుతుంది.

సీటు కింద ఏముందో తప్పకుండా చూడండి. ఫ్యాక్టరీ సీటు పలకలో చాలాసార్లు ప్లైవుడ్, అంగుళం నురుగు మాత్రమే ఉంటాయి. కింద 45 డిగ్రీల సెల్సియస్ గాలి ఆడుతుంటే అది చాలదు. కనీసం 2 అంగుళాల పాలీఐసో నురుగు పలక, ఆర్-10 పైగా (ఆర్ అంకె పెరిగేకొద్దీ వేడిని అంత ఆపుతుంది), అడగండి. అడుగు భాగాన్ని మూయించి అంచులన్నీ సీలు చేయించండి. కప్పు లోపల ఎంత పడితే అంత ఇన్సులేషన్, ఆర్-30 పడితే ఇంకా మంచిది. కప్పు గోడను తాకే చోట లోహపు ఫ్లాషింగ్ (నీటిని బయటికి జార్చే రేకు) స్టక్కో వెనకకు, పేపర్ కిందకు వెళ్లాలి, పైన అతికించి వదిలితే మొదటి వానకే నీరు సందులోకి దిగుతుంది.

డబ్బు పూర్తిగా ఇచ్చేముందు రెండు పరీక్షలు చేయండి. తోట పైపుతో కింది నుంచి పైకి 15 నిమిషాలు నెమ్మదిగా నీళ్లు పట్టి లోపల చూడండి. వంటగది ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, ఇంటి కిటికీలన్నీ మూసి, వెలిగించిన అగరబత్తిని అతుకుల వెంట నడిపించండి. పొగ వంగిన చోట గాలి వస్తోంది. నగర పర్మిట్, హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) అనుమతి, అరిజోనా కాంట్రాక్టర్ల రిజిస్ట్రార్ దగ్గర లైసెన్సు ముందే చూసుకోవాలి. కిటికీ గోడ దాటి వస్తోంది కనుక పక్క హద్దుకు వదలాల్సిన దూరం కూడా కొలవాలి.

తర్వాత ప్రతి ఏడాది జూన్ 15 లోపల, వానకాలం మొదలయ్యేలోగా, కింది రంధ్రాల్లో సన్న బ్రష్ తిప్పి గ్లాసుడు నీళ్లు పోసి బయటికి పోతున్నాయో లేదో చూడండి. రబ్బరుకు సిలికాన్ స్ప్రే వాడండి. నూనె పూస్తే దుమ్ము పట్టి రబ్బరు అరిగిపోతుంది.